అద్దెకు పేరు

పిల్లలూ! ఇళ్ళు అద్దెకిస్తారు, సైకిళ్ళు అద్దెకిస్తారు. పేరును కూడా అద్దెకిస్తారని మీరెప్పుడైనా విన్నారా?

మన దేశంలో పూర్వం నుంచీ దాతలు సత్రాలు కట్టించారు, చెరువులు తవ్వించారు. జనం వాటిని ఆ దాతల పేర్లతోనే పిలిచారు. దాత పోయినా పేరు నిలిచింది. కాని అమెరికాలో పెద్ద పెద్ద స్టేడియాలకు పేరు పెట్టే పద్ధతి వేరు. ఒక కంపెనీ ఇన్నేళ్ళకు ఇంత అని సొమ్ము చెల్లిస్తుంది. ఆ గడువు తీరేదాకా స్టేడియానికి ఆ కంపెనీ పేరే ఉంటుంది. గడువు తీరితే బోర్డు దిగిపోతుంది.

ఇటువంటి ఒడంబడికల్లో తొలినాటిది ఒకటి బఫెలో నగరం దగ్గర జరిగింది. అక్కడ 1973లో తెరిచిన ఫుట్‌బాల్ స్టేడియానికి తన పేరు పెట్టించుకోవటానికి రిచ్ అనే ఆహారపదార్థాల కంపెనీ 25 ఏళ్ళకు 15 లక్షల డాలర్లు ఇవ్వటానికి ఒప్పుకుంది.

పేరు కోసం ఇంత డబ్బెందుకు? ఆట జరిగినప్పుడల్లా పత్రికలు ఆ పేరు రాస్తాయి, రేడియో చెబుతుంది, టెలివిజన్ చూపిస్తుంది. వద్దన్నా ఆ పేరు లక్షలమంది చెవిన పడుతుంది. స్టేడియం వారికేమో కట్టడానికయిన ఖర్చులో కొంత తిరిగి వస్తుంది.

అయితే ఇందులో చిక్కు కూడా ఉంది. హ్యూస్టన్ నగరంలో 2000లో కొత్త బేస్‌బాల్ స్టేడియం తెరిచారు. ఎన్రాన్ కంపెనీ 30 ఏళ్ళకు 10 కోట్ల డాలర్లు ఇస్తానని దానికి తన పేరు పెట్టించుకుంది. ఏడాదిన్నర గడిచిందో లేదో, ఆ కంపెనీ దొంగలెక్కలు బయటపడ్డాయి. 2001 డిసెంబరులో అది దివాలా తీసింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఆ పేరు వదిలించుకోవటానికి ఆటజట్టు వారే 2002లో 21 లక్షల డాలర్లు ఎదురిచ్చారు. తరువాత ఒక పళ్ళరసాల కంపెనీ పేరు వచ్చింది. 2025లో ఒక ఎయిర్‌కండిషనర్ల కంపెనీ పేరు వచ్చింది. గోడలు అవే, పేర్లు మాత్రం మారాయి!

శాన్‌ఫ్రాన్సిస్కో నగరం వారి కథ వేరు. సముద్రపుటొడ్డున 1960లో తెరిచిన వారి స్టేడియానికి ఆ చోటి పేరు మీదనే కాండిల్‌స్టిక్ పార్క్ అని పేరు పెట్టారు. కాండిల్‌స్టిక్ అంటే కొవ్వొత్తి నిలిపే సెమ్మె. 1995 నుంచి ఒకదాని తరువాత ఒకటిగా రెండు కంపెనీల పేర్లు వచ్చాయి. కాని చాలామంది పాత పేరు మానలేదు. ఆ స్టేడియం నగరప్రజలది. అందుచేత 2004లో వారినే ఓటు అడిగారు. అప్పటి ఒడంబడిక తీరగానే పాత పేరే ఉండాలని ప్రజలు తీర్పు చెప్పారు. 2008లో సెమ్మె మళ్ళీ వెలిగింది. 2015లో ఆ స్టేడియాన్ని పడగొట్టారు. అప్పటికీ అది కాండిల్‌స్టిక్ పార్కే.

పేరును అద్దెకివ్వటం తప్పని అనలేము. ఆ సొమ్ముతో ప్రజల మీద భారం తగ్గవచ్చు. కాని అందరిదీ అయిన స్థలం పేరు ఎవరిది? అద్దె ఇచ్చిన వారిదా, రోజూ ఆ పేరు పిలిచే వారిదా? మీ ఊరి ఆటస్థలం పేరు కావాలని రేపు ఎవరైనా వస్తే, మీరేమంటారు?