లాంతరు బండి లాగుతుందా?

రండర్రా, ఇలా అరుగు మీదికి. ఆ మరమరాల పళ్లెం కూడా పట్రండి. బుజ్జిగాడేమిటి, గుప్పిట బిగించి మూల నక్కాడు? ఓహో, కొట్లో పది రూపాయలు ఎక్కువిచ్చేశారూ! వెనక్కివ్వాలని తెలుసట, కానీ ఇవ్వబుద్ధి కావడం లేదట. ఒరేయ్, మహామహుల బుర్రలు తినేసిన చిక్కురా అది.

స్కాట్లండులో డేవిడ్ హ్యూమ్ అని ఒకాయన ఉండేవాడు. ముప్పై ఏళ్లయినా నిండకుండానే, 1739లో లావుపాటి పుస్తకం అచ్చేయించాడు. అందులోది మన బండిభాషలో చెబుతా. మా చిన్నప్పుడు రాత్రి ప్రయాణమంటే ఎడ్లబండి కింద లాంతరు వేలాడేది. గుంటలూ మలుపులూ చూపించేది. మరి బండి లాగేదా? లాగేవి ఎడ్లు! తెలివి ఆ లాంతరు, కోరిక ఎడ్లు. ఏదో ఒకటి కావాలని మనసుకి లేకపోతే ఎంత తెలిసినా కాలు కదలదన్నాడు. కోరికంటే జంతికల మీద ఆశ ఒక్కటే అనుకునేరు! ఎదుటివాడు ఏడిస్తే మనకూ కలుక్కుమంటుందే, అదీ ఆ కాడికి కట్టిన ఎద్దే.

ఇక మెదడు సంగతి. ఆంటోనియో డమాసియో అనే మెదడు వైద్యుడు 1994లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక రోగి ఉన్నాడు. కణితి తీసేసరికి నుదుటి వెనకాల మెదడు కొంత పోయింది. తెలివికి మాత్రం లోటు లేదు. ఫలానా చిక్కొస్తే ఏమేం చేయొచ్చంటే దారులన్నీ గడగడా చెప్పేవాడు. అన్నీ చెప్పి, అయినా ఏం చేయాలో నాకు తెలీదనేవాడు! ఘోరమైన బొమ్మలు చూపించినా మనసు చలించేది కాదు. లాంతరు వెలుగుతూనే ఉంది, ఎడ్లే కాడి దించేశాయి పాపం.

అయితే హ్యూమ్ గెలిచినట్టేనా? ఉండండి. కోనిగ్స్‌బర్గ్‌లో కాంట్ అని ఇంకో ఆయన. 1785లో ఆయనా ఒక కొట్టు సంగతే ఎత్తాడు. చిన్నపిల్లాడొచ్చినా ఆ కొట్టాయన పైసా ఎక్కువ తీసుకోడు. బేరాలు పోతాయని అలా చేస్తే అది వ్యాపారం లెక్కేగానీ మంచితనం కాదన్నాడు కాంట్. ఇష్టమున్నా లేకున్నా చేయాల్సింది చేయాల్సిందేనట. నాకూ ఇటే మొగ్గు. మీ నాయనమ్మ పక్కింట్లో గిద్దెడు కాఫీపొడి బదులు తెచ్చింది. తిరిగివ్వబుద్ధి కాకపోతే బదులు తీరిపోయినట్టా? ఎద్దు చూడనంత మాత్రాన దారిలో గుంట పూడిపోదు కదా.

ఏరా బుజ్జీ, చెప్పులేసుకుంటున్నావు? ‘ఇప్పటికీ ఇవ్వాలని లేదు తాతయ్యా’ అంటూనే మెట్లు దిగుతున్నాడు చూడండి. మరి వీడి బండికి కట్టిన ఎద్దేదో చెప్పండర్రా! ఒరేయ్, ఆగు, చీకటి పడింది. టార్చి పట్టుకెళ్లు.