ఊడిన పన్నును పారేయకండి!

సంక్రాంతి వచ్చిందంటే మన దివిసీమ ఊళ్లల్లో కబడ్డీ కూత వినిపిస్తుంది. వేసవిలో ఖాళీ చేలల్లో పిల్లలు క్రికెట్ ఆడతారు. ఆటన్నాక దెబ్బలు తగులుతాయి. మోకాలు గీసుకుపోతే నాలుగు రోజుల్లో మానుతుంది. మరి పన్ను ఊడితే?

మా ఊళ్లో ఒకసారి కబడ్డీ ఆడుతుంటే ఒక కుర్రాడి మూతికి ఎదుటివాడి మోచెయ్యి తగిలింది. ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. నోరంతా రక్తం. "ఊడిన పన్ను మళ్లీ అతుకుతుందా బాబూ? పారెయ్యి" అన్నాడు ఒక తాత. నేనే దాన్ని జేబురుమాలులో చుట్టి ఉంచాను. మర్నాడు పంటి డాక్టరు గారికి చూపించాం. "నిన్ననే పాలల్లో వేసి తెస్తే ప్రయత్నం చేసేవాణ్ణి" అన్నారాయన. పాఠాలు చెప్పే నాకే ఆ సంగతి తెలియలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

సి.కె. నాయుడు గారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన పూర్వీకులది మన బందరే. 1932లో మన దేశం ఆడిన మొదటి టెస్టు మ్యాచికి ఆయనే కెప్టెన్. 1951-52 రంజీ పోటీల్లో బంతి మూతికి తగిలి ఆయన పళ్లు పోయాయి. అప్పుడాయనకు 56 ఏళ్లు. అయినా ఆట ఆపలేదు. ఆయన ధైర్యం గొప్పది. కాని మనం మాత్రం ఆట ఆపాలి. ఊడిన పన్నును వెతకాలి.

ఎందుకు? ఊడిన పన్ను పీకిన వరినారు లాంటిది. నారుకట్టను ఎండలో పడేస్తే వేళ్లు ఎండిపోతాయి. తర్వాత నాటినా బతకదు. తడిగా ఉంచి త్వరగా నాటితే నిలదొక్కుకుంటుంది. పంటి వేరు మీద కూడా సన్నని పొర ఉంటుంది. ఆ పొర ప్రాణంతో ఉంటేనే పన్ను ఎముకలో మళ్లీ పట్టుకుంటుంది. అది ఎండితే చచ్చిపోతుంది.

పన్ను ఊడితే ఇలా చెయ్యండి:

1. పన్నును పైభాగం దగ్గర పట్టుకోండి. వేరును ముట్టుకోకండి.
2. మట్టి అంటితే పాలతో గాని, మంచినీళ్లతో గాని ఒక్కసారి కడగండి. రుద్దకండి. సబ్బు వద్దు.
3. పెద్దవాళ్లయితే పన్నును దాని గుంటలోనే తిన్నగా పెట్టి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కొరికి పట్టుకోవాలి.
4. అలా పెట్టలేకపోతే చల్లని పాలల్లో వెయ్యండి. ఆవు పాలయినా, గేదె పాలయినా సరే. వేడి పాలు వద్దు. నీళ్లల్లో నానబెట్టవద్దు.
5. వెంటనే పంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. అరగంటలో చేరితే మరీ మంచిది.

నాగాయలంక నుంచి బందరు చేరాలంటే గంట దాటుతుంది. అందుకే మనకు పాలగ్లాసు మరీ ముఖ్యం. ఆలస్యమైందని పన్నును పారేయకండి. తీసుకునే వెళ్లండి. డాక్టరు దాన్ని గుంటలో పెట్టి, పక్క పళ్లకు సన్నని తీగతో కడతారు. సుమారు రెండు వారాలు అలా ఉంచుతారు. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి కూడా అడగండి.

చిన్న పిల్లల పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు. లోపల పెరిగే కొత్త పన్నుకు దెబ్బ తగులుతుంది. అయినా పిల్లలకు డాక్టరు చేత చూపించండి. దెబ్బ తగిలినవాడు స్పృహ తప్పినా, వాంతి చేసుకున్నా, దవడ కదపలేకపోయినా పన్ను సంగతి తర్వాత. ముందు పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

దెబ్బ తగలకుండా కూడా చూసుకోవచ్చు. ఆటవస్తువుల దుకాణాల్లో పళ్లకు తొడిగే మెత్తని తొడుగు దొరుకుతుంది. దాన్ని మౌత్ గార్డు అంటారు. ఆట మధ్యలో కూల్ డ్రింకులు తాగితే పళ్లు పుచ్చుతాయి. మంచినీళ్లు తాగండి. రోజూ రెండు పూటలా పళ్లు తోముకోండి. ఖైనీ, గుట్కాల జోలికి పోకండి.

ఈసారి మీ ఊళ్లో ఆటల పోటీలు పెడితే, గట్టు మీద నీళ్లకుండ పక్కన ఒక పాలగ్లాసు కూడా ఉంచండి.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి:
ఊడిన పన్నును ఎక్కడ పట్టుకోవాలి?
పాలల్లో ఎందుకు వెయ్యాలి?
మీ ఊరికి దగ్గరలో పంటి డాక్టరు ఎక్కడున్నారు? కనుక్కుని రాసి పెట్టుకోండి.