వట్టివేరు: పైన గడ్డి, కింద గోడ

ఈ ఎపిసోడ్‌లో వట్టివేరు గురించి మాట్లాడుకుందాం. తాగే నీళ్ల కుండలో వేస్తాం, ఎండాకాలం కిటికీలకి తడికెలుగా కట్టి నీళ్లు చల్లుతాం. వేరు అందరికీ తెలుసు, మొక్కని చూసినవాళ్లే తక్కువ. నాకూ తెలీకే ఒకసారి నర్సరీలో వట్టివేరు అని ఇస్తే నిమ్మగడ్డి ఇంటికి తెచ్చుకున్నాను!

మీరు అలా మోసపోకుండా ఒక చిన్న పరీక్ష. ఆకు నలిపి వాసన చూడండి. నిమ్మ వాసన గుప్పుమంటే అది నిమ్మగడ్డి. వట్టివేరు ఆకుకి ఆ వాసన రాదు, దాని పరిమళమంతా వేళ్లలోనే ఉంటుంది.

దీని శాస్త్రీయ నామం క్రైసోపోగాన్ జిజానియోయిడిస్. పాత పుస్తకాల్లో వెటివేరియా అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. జొన్న, చెరకు దీనికి చుట్టాలే. ఇది బహువార్షికం, అంటే ఏటా విత్తక్కర్లేదు. గరికలాగా నేల మీద పాకదు. ఉన్నచోటే పిలకలు వేస్తూ దుబ్బు కడుతుంది. ఆకులు సన్నగా, పొడవుగా, బిరుసుగా ఉంటాయి. దుబ్బు మనిషి భుజం దాకా పెరుగుతుంది. కంకి ఊదా, గోధుమ రంగులు కలిసినట్టుంటుంది. అందులో చిన్న పూగుత్తులు జంటగా వస్తాయి: ఒకటి కాడ లేనిది, ఇంకోటి కాడ ఉన్నది. సాగులో ఉన్న చాలా రకాలకి మొలకెత్తే గింజ దాదాపు రాదు, అందుకే పిలకలు విడదీసి నాటుతారు. కలుపై పొలమంతా కమ్మేస్తుందన్న భయం కూడా లేదు.

అసలు విశేషం నేల కింద ఉంది. చాలా గడ్డి వేళ్లు పైపైనే అల్లుకుంటాయి. ఇది మాత్రం నిలువుగా 2 నుంచి 4 మీటర్ల లోతుకి దిగుతుంది. పిలక మొదలు మట్టిలోనే ఉండటం వల్ల పశువులు మేసినా, మంట తగిలినా మళ్లీ చిగురిస్తుంది. వరద మట్టి వచ్చి కప్పేస్తే, కణుపుల నుంచి కొత్త వేళ్లు వేస్తుంది. అందుకే 1980ల్లో ప్రపంచ బ్యాంకు నిపుణులు మన దేశంలో మట్టి కోత ఆపడానికి దీన్ని బాగా ప్రచారం చేశారు.

వాలు పొలం ఉంటే ఇలా చేయండి. వాలుకి అడ్డంగా, ఒకే మట్టంలో, 10–15 సెంటీమీటర్ల ఎడంతో పిలకలు నాటండి. దుబ్బులు కలిసిపోయి బతికున్న గోడ అవుతుంది. నీరు ఆగి ఆగి వెళ్తుంది, మట్టి వెనకాలే నిలుస్తుంది. నీడలో మాత్రం పెట్టొద్దు, ఎండ కావాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. నూనె కోసమైతే దుబ్బుని వేళ్లతో సహా తవ్వాలి. అలా తవ్విన నేల గుల్లబారుతుంది, తర్వాతి వానకే కొట్టుకుపోవచ్చు. గట్టు కోసం నాటితే వేరు మీద ఆశ వదులుకోండి. వేరే కావాలంటే చదునైన చెలకలో వేరుగా వేసుకోండి. ఆ రెండు ఆశలూ ఒకే వరస మీద పెట్టుకుంటే, గట్టూ పోతుంది, పొలమూ పోతుంది.