పాత సీసాకు కొత్త రంగు.. చేతికి అసలు లెక్క

‘ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ డేటే రాలేదు.’ ఈ మాట మీలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. బీటెక్ అయ్యాక ఏడు నెలలు మా ఇంట్లోనూ ఇదే మాట. పొద్దున లేవగానే మెయిల్ చూడటం, సాయంత్రం ఫోన్ చేసిన బంధువులకు సర్దిచెప్పడం. ఆ ఖాళీలోనే అమ్మ పారేయబోయిన పచ్చడి సీసాలకు రంగులు వేయడం మొదలుపెట్టా. కాలక్షేపం అనుకునే దిగా. తీరా చూస్తే ఇంటర్లో బట్టీపట్టిన ఫిజిక్స్ అక్కడ పనికొచ్చింది. నాలుగు రూపాయలూ వచ్చాయి. ఒకసారి పరువూ పోయింది. అది కాసేపాగి చెప్తా.

ఏ సిరా పడితే అది కాదు

ఫౌంటెన్ పెన్ సిరా, ప్రింటర్లో నింపే రంగు ఎక్కువగా నీటితో చేసినవే. గాజు మీద వేస్తే ఆరినట్టే కనిపిస్తాయి, తడి గుడ్డ తగిలితే చాలు వచ్చేస్తాయి. గాజు, పింగాణీ, నున్నటి టైల్, స్టీలు.. ఇలా తడిని పీల్చుకోని వాటికి కావాల్సింది ఆల్కహాల్ ఇంక్. రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగిస్తే అదే ఆల్కహాల్ ఇంక్. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్ల దగ్గరుంటే, ఈ ఆల్కహాల్‌ది 22 దగ్గరే. అందుకే చుక్క పడగానే పరుచుకుంటుంది, నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరేటప్పుడు అంచుల్లో ద్రవం ముందు ఆవిరవుతుంది, మధ్యలోని రంగు అటు పరుగెడుతుంది. కాఫీ చుక్క ఆరాక చుట్టూ ముదురు గీత ఎలా పడుతుందో అలాగన్నమాట. ఆ గీతలే దీని అందం.

ఆర్ట్ షాపుల్లో దొరికే బుల్లి సీసాలు ఖరీదెక్కువ. మొదట్లో నేను పర్మినెంట్ మార్కర్ రీఫిల్ ఇంకే వాడా. ఐసోప్రొపైల్ కోసం మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే షాపులో అడగండి, బోర్డులు తుడవడానికి వాళ్లు వాడేది అదే. 99 శాతం ఉన్నదే తీసుకోండి. 70 శాతం దాంట్లో నీళ్లుంటాయి, రంగు సాఫీగా పరుచుకోదు. వైట్‌బోర్డ్ మార్కర్ ఇంక్ మాత్రం వద్దు, తుడిస్తే పోవడానికే దాన్ని చేస్తారు.

సీసాకు జిడ్డు ఉంటే పని చెడినట్టే. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, లేకపోతే మూడు రోజులు హోలీ ఆడినవాళ్లలా తిరగాలి. రెండు మూడు రంగులు చాలు. మోజు కొద్దీ అన్నీ వేస్తే బురద రంగే మిగులుతుంది. హెయిర్ డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి ఊదితే రంగు పొగలా పాకుతుంది. నచ్చకపోతే ఆల్కహాల్‌తో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ ఆవిరి మన గది వేడిలోనే నిప్పంటుకోగలదు. కిటికీలు తెరవండి. దగ్గర్లో స్టవ్, అగరుబత్తి, దీపం ఏవీ ఉండకూడదు. తలుపులేసుకున్న హాస్టల్ గదిలో అసలే వద్దు.

సరుకు ఎక్కడ? ముందు మీ ఇంట్లో, తర్వాత కొత్త ఇల్లు కడుతున్న వాళ్ల దగ్గర మిగిలిన టైల్స్ ముక్కల్లో వెతకండి. హైదరాబాద్‌లో ఉంటే ఎర్రగడ్డ ఆదివారం సంతకు, చౌక గాజు సామాన్లకు బేగంబజార్‌కు వెళ్లొచ్చు. బేరం ఆడటం రాకపోతే అమ్మను తీసుకెళ్లండి.

పరువు పోయిన కథ

తెలిసినవాళ్ల గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులుగా టైల్ కోస్టర్లు అడిగారు, 20 సెట్లు. ఎగిరి గంతేశా. పైన ఒకే పూత వార్నిష్ కొట్టి, సరిగ్గా ఆరకముందే ప్యాక్ చేసి ఇచ్చేశా. వారం తిరక్కుండానే ఫోన్లు. వేడి టీ గ్లాసు పెడితే అతుక్కుపోయి, ఎత్తితే రంగు ఊడొచ్చింది. ఇంకొకరు శానిటైజర్‌తో తుడిచారు, గుడ్డకు నీలం అంటుకుంది. అంటుకోదా మరి! శానిటైజర్‌లో ఉన్నదీ ఆల్కహాలే. ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది. సగం డబ్బులు తిరిగిచ్చా.

ఆ తర్వాత ఏది అమ్మినా ముందు పరీక్ష పెట్టా. వేడినీళ్లు పోసిన స్టీలు గ్లాసు పది నిమిషాలు పెట్టడం, శానిటైజర్‌తో తుడవడం, సగం ఫాయిల్ కప్పి నెల రోజులు డాబా మీద ఎండలో ఉంచడం. ఎండ పరీక్షలో మొదట వెలిసిపోయింది గులాబీ రంగు. ఈ రంగులు చాలావరకు డైలే కాబట్టి ఎండకు నిలవవు. యూవీ వార్నిష్ ఆలస్యం చేస్తుందంతే, ఆపలేదు. అందుకే ఎండ పడే కిటికీకి వేలాడదీసేవి అమ్మను. తిండి, నీళ్లు, పెదాలు తగిలే చోట రంగు వేయను. గోడకు తగిలించే టైల్స్, పెన్ స్టాండ్లు, కృత్రిమ పూలు పెట్టే సీసాలు.. ఇంతవరకే.

లాభం ఎంతో లెక్కేశారా?

నాలుగు టైల్స్ ఉన్న ఒక సెట్‌కు నా ఖర్చు: టైల్స్ 60, ఇంక్ 40, వార్నిష్ 50, కింద అంటించే కార్క్ 30, ప్యాకింగ్ 30. మొత్తం 210 రూపాయలు. 350కి అమ్మితే 140 మిగులుతుంది. భలే ఉందనుకున్నా. పనికి పట్టిన మూడు గంటలు లెక్కలో వేస్తే గంటకు 47 రూపాయలు కూడా రాలేదు. ఒకేసారి పది సెట్లు చేస్తే గంటల లెక్క తగ్గింది గానీ, ఇది ఉద్యోగానికి బదులని నేను చెప్పను. అలా చెప్పే వీడియోలను నమ్మొద్దు. కోచింగ్ పుస్తకాలకు, ఇంటర్వ్యూలకు వెళ్లే బస్ చార్జీలకు ఇంట్లో చేయి చాచకుండా గడిచింది, నాకది చిన్న విషయం కాదు.

నడుస్తుందనిపిస్తే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు, ఫీజేమీ లేదు. డబ్బులు అడిగారంటే అది ప్రభుత్వ సైట్ కాదు.

రెజ్యూమెలో ‘హాబీ: పెయింటింగ్’ అని రాసి ఊరుకోకండి. నేను ప్రాజెక్టుల కిందే రాశా: ఏం పాడైంది, ఎందుకు, ఏం పరీక్షలు పెట్టా, సెట్ ఖర్చెంత. తర్వాతి ఇంటర్వ్యూలో ఫైనలియర్ ప్రాజెక్టు గురించి రెండే ప్రశ్నలు. ఊడిపోయిన కోస్టర్ల గురించి పావుగంట. వచ్చింది టెస్టింగ్ ఉద్యోగం.

అన్నట్టు, వానపడే రోజు స్ప్రే వార్నిష్ కొట్టకండి. గాలిలో తేమకు పూత తెల్లగా మసకబారిపోతుంది, అంత కష్టపడి వేసిన రంగూ కనిపించదు.