ఎలోహీము వేరే గ్రహమువారా? ప్రాచీన వ్యోమగామి సిద్ధాంతము – ఒక పరిశీలన

ఆదికాండము మొదటి వచనములోని ఎలోహీము అనే మాట బహువచనము గనుక, ఆ పేరు గలవారు వేరే గ్రహము నుండి దిగివచ్చిన ఒక జాతి అనీ, మనుష్యులను తయారు చేసింది వారేననీ చెప్పే వాదము ఇప్పుడు మన గ్రామీణ సంఘాలకు కూడా చేరింది. సోమశిల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతపు యౌవనస్థుల కూడికలలో ఈ ప్రశ్న వినబడుతున్నది. సెల్‌ఫోనులో చూచిన వీడియోలే దీనికి ఆధారము. అటువంటివి చూడవద్దని కాపరి గద్దించినంత మాత్రాన ప్రశ్న పోదు. కాబట్టి ఈ వాదము ఎక్కడ నుండి వచ్చిందో, దానికి మనము ఏమి చెప్పగలమో చూద్దాము.

స్విట్జర్లాండు దేశస్థుడు ఎరిక్ ఫాన్ డానికెన్ 1968లో జర్మను భాషలో వ్రాసి, తరువాత ఇంగ్లీషులో చారియట్స్ ఆఫ్ ది గాడ్స్ అనే పేరుతో వెలువడిన పుస్తకము ద్వారా ఇది లోకమంతటా వ్యాపించింది. పిరమిడ్ల వంటి కట్టడాలు ఆనాటి మనుష్యుల వల్ల అయ్యేవి కావనీ, ఆకాశము నుండి వచ్చినవారిని మన పూర్వికులు దేవుళ్ళనుకొన్నారనీ, మతము అక్కడే పుట్టిందనీ ఆయన వాదన. 1973లో ఎలోహీములను కలిశానని చెప్పుకొన్న ఫ్రాన్సు దేశస్థుడు క్లోడ్ వొరిలాన్, రాయెల్ అనే పేరుతో ఒక మతమునే స్థాపించాడు. 1976లో జెకరయా సిచిన్ సుమేరు మట్టి పలకలను పేర్కొంటూ మరొక కథ చెప్పాడు. నిబిరు అనే గ్రహము నుండి అనున్నాకీలు బంగారము కొరకు వచ్చి, గనులలో పని చేయుటకు మనిషిని తయారు చేశారట.

మొదట భాష సంగతి. ఎలోహీము రూపములో బహువచనమే. అయితే ఆది 1:1లో దానితో కూడిన బారా అనే క్రియ ఏకవచనము. 1 రాజులు 11:33లో సీదోనీయుల దేవత ఒక్కదానికీ, మోయాబీయుల కెమోషు ఒక్కనికీ కూడా ఇదే మాట వాడబడింది. తెలుగులో ఒక పెద్దాయనను గూర్చి "వారు వచ్చారు" అంటే ఇద్దరు వచ్చారని ఎవరూ అనుకోరు. (పోలిక పూర్తిగా సరిపోదు, మన భాషలో క్రియ కూడా మారుతుంది. అయినా యౌవనస్థులకు చెప్పుటకు పనికి వస్తుంది.) ఇక ఆది 6:4లోని షేము అనే మాటకు పేరు, కీర్తి అని అర్థము. సిచిన్ దానిని ఆకాశములో ఎగిరే వాహనము చేశాడు. ఆ లెక్కన నోవహు తన కుమారునికి రాకెట్టు అని పేరు పెట్టినట్లు! నిబిరు అనేది బబులోనీయుల ఖగోళ పలకలలో ముఖ్యముగా గురు గ్రహమునకు వాడిన పేరు.

అయితే సిచిన్ కథ వెనుక నిజమైన ప్రాచీన గ్రంథము ఒకటున్నది. దానిని మన విద్యార్థులు తప్పక చదవాలి. అత్రహసీసు అనే బబులోను కావ్యములో కాలువలు త్రవ్వి అలసిన చిన్న దేవతలు పని మానివేస్తారు. అప్పుడు వధింపబడిన ఒక దేవత రక్తమును మట్టితో కలిపి, వారి కాయకష్టము మోయుటకు మనిషిని చేస్తారు. బంగారు గనులు అందులో లేవు, అవి సిచిన్ కల్పన. మనిషి పుట్టిందే వెట్టికి అనే మాట మాత్రము అందులో ఉన్నది. ఆదికాండము సరిగ్గా ఇక్కడే ఎదురు తిరుగుతున్నది. ఆ దేశాలలో ముఖ్యముగా రాజును దేవుని స్వరూపము అనేవారు. ఆది 1:26-27 ఆ మాటను స్త్రీ పురుషులందరికీ ఇచ్చింది. మన సంఘాలలో ఎక్కువమంది, ఇతరుల పని చేయుటకే పుట్టినవారని తరతరాలుగా చెప్పబడినవారి బిడ్డలు. అనున్నాకీల కథ వారికి కొత్త విజ్ఞానమేమీ కాదు. ఆ పాత మాటే అంతరిక్ష వేషము వేసుకొని వచ్చింది.

కట్టడాల సంగతి కూడా ఇదే. గిజా పిరమిడ్ల దగ్గర, వాటిని కట్టిన పనివారి సమాధులు 1990లో బయటపడ్డాయి. 2013లో ఎర్రసముద్ర తీరమున దొరికిన పపైరసులలో మేరెర్ అనే అధికారి తన మనుష్యులతో తూరా గనుల నుండి గిజాకు సున్నపురాయి పడవల మీద తెచ్చిన దినచర్య వ్రాసి ఉన్నది. మన తెలుగు నేల మీద నిలువు పలకలు పాతి పైన బండ కప్పిన ఇనుప యుగపు సమాధులు అనేక చోట్ల ఉన్నాయి. వాటిలో కొన్నింటి పలకకు గుండ్రని కన్నము కూడా తొలిచి ఉంటుంది. జనులు వాటిని రాక్షసగుళ్ళు, పాండవగుళ్ళు అంటారు. ఇంత బండ మనుష్యులు ఎత్తలేరు అనే ఆశ్చర్యమే ఆ పేర్లు పెట్టింది. డానికెన్ చేసింది అంతకంటె భిన్నము కాదు. ఆ సమాధులలో దొరికేవి ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. బండకు మంట పెట్టి పొర లేపుట, ఉలితో గుంటలు తీసి చీల్చుట మన వడ్డెరవారికి తెలిసిన పనే. 1975లో మొదలై 1989లో పూర్తయిన సోమశిల ఆనకట్టకు కూలి చేసినవారి పేర్లు ఏ శిలాఫలకము మీద ఉన్నాయి? రాళ్ళు మోసినవారు మరువబడుట అంత తేలిక.

విమానము అనే మాట మరొక చిక్కు. దేవతల వాహనము, బహుళ అంతస్తుల భవనము, గర్భాలయము మీది గోపురము దాని పాత అర్థాలు. తిరుమల ఆనందనిలయ విమానము ఎగరదు. ఏరోప్లేనుకు ఆ పాత మాటనే పెట్టుకొన్నాము, ఇప్పుడు పాత గ్రంథాలలో ఆ మాట చూచి ఏరోప్లేను అంటున్నాము. భరద్వాజ మహర్షిదని చెప్పబడే వైమానిక శాస్త్రమును బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1974లో పరిశీలించి, అది 1904కు ముందుది కాదనీ, అందులోని యంత్రాలు ఎగరలేవనీ తేల్చారు. అయినా 2019 జనవరిలో, ఆనాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి. నాగేశ్వరరావు రావణునికి 24 రకాల విమానాలు ఉండేవని భారతీయ సైన్స్ కాంగ్రెస్‌లో చెప్పారు. మనము నవ్వకూడదు. నహూము 2:4లోని రథాలను మోటారు కార్లుగా, యెషయా 60:8ని విమాన ప్రయాణముగా ప్రసంగించేవారు మన వేదికల మీద కూడా ఉన్నారు. పద్ధతి ఒక్కటే, గ్రంథమే వేరు.

చివరిగా యెహెజ్కేలు చక్రాలు. నాసాలో పని చేసిన ఇంజనీరు యోసెఫ్ బ్లూమ్రిక్ 1970ల తొలినాళ్ళలో వీటిని అంతరిక్ష నౌకగా గీసి చూపించాడు. అయితే ప్రవక్త చూచినది చూచినట్టు యంత్ర వర్ణన చేయుట లేదు. పోలిక, వంటిది, అగుపడెను అనే మాటలు ఆ అధ్యాయమంతా నిండి ఉన్నాయి. నరుడు, సింహము, ఎద్దు, పక్షిరాజు – ఈ ముఖాలూ రెక్కలూ మెసొపొతమియ రాజభవనాల ద్వారాల దగ్గర నిలిచిన రెక్కల ఎద్దుల శిల్పాలకు దగ్గరివి. క్రీ.పూ. 593లో కెబారు కాలువ దగ్గర చెరపట్టబడినవారు వాటిని ఎరుగుదురు. యెరూషలేము మందిరములోనే ఉన్నాడనుకొన్న దేవుని సింహాసనమునకు చక్రాలు ఉన్నాయన్నదే వారికి వార్త. 10, 11 అధ్యాయాలు కలిపి చదవకపోతే ఇది బోధపడదు. మహిమ మందిరము విడిచి తూర్పుకు కదలుతుంది, 11:16లో ప్రభువు తానే చెరలో ఉన్నవారికి పరిశుద్ధస్థలముగా ఉన్నానంటాడు. సోమశిల జలాశయము నిండినప్పుడు కడప వైపున గ్రామాలు మునిగాయి. ఊరు, పొలము, మ్రొక్కిన స్థలము నీళ్ళ క్రింద విడిచి వచ్చిన కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఈ అధ్యాయమును వారి ఇంట చదివి, ఆ చక్రాలు ఏమిటని వారినే అడిగి చూడవచ్చును.