అరచేతిలో డకోటా

బొమ్మ యనగానే పసిపిల్లల యాటవస్తువని మన తలంపు. ఏడుపు మాన్పుటకు చేతికిచ్చి, విరిగిన పిదప పెరటిలో పారవేయునది బొమ్మ. కాని బొమ్మను చేయువానికి అది యాట కాదు. కొండపల్లి శిల్పి తెల్లపొణికి కొయ్యను తీసికొని తలను, చేతులను, కాళ్లను వేర్వేరుగా చెక్కును. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వానిని అతికించి, అతుకు కనబడకుండ నునుపు చేసి, ఆ మీదట రంగు వేయును. ఏనుగుపై అంబారీని నిలుపవలెనన్న, అంబారీ యెట్లుండునో అతడు ముందుగా ఎరిగి యుండవలెను. మా జనగామ పొరుగుననే యున్న పెంబర్తిలో ఇత్తడి రేకును లక్కపై నుంచి, సుత్తితో మెల్లగా కొట్టి, దేవతామూర్తులను తీర్చు పనివారికిని ఇదియే నియమము. తెలిసినది చేతికి వచ్చును. తెలియనిదానిని చేయి దాచజాలదు.

ఈ మాటలు నేను తరగతిలో ఎన్నియో మారులు చెప్పినవే. అయినను వాని యర్థము నాకు నిజముగా బోధపడినది గడచిన వానకాలమున, ఒక చిన్న ప్లాస్టిక్కు విమానము ముందు కూర్చున్నపుడు.

మా యూర ఏడుగురము ఒకచోట చేరితిమి. ఒకరు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు మాస్టారు. ఒకరు రైల్వేలో పనిచేసి విరమించిన పెద్దమనిషి, ఎనుబదియైదేండ్ల వృద్ధులు. నలుగురు మా కళాశాల విద్యార్థులు. ఏడవవాడను నేను. మా కూటమికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు, చందా లేదు, బహుమతి లేదు. ఉన్న కట్టుబాటు ఒక్కటే. ఆషాఢమున మొదలుపెట్టి దసరా నాటికి తలా ఒక పాతకాలపు పంకాల ప్రయాణిక విమానమును నమూనాగా కట్టి ముగింపవలెను. ప్రతి ఆదివారము మాస్టారింటి వసారాలో చేరి, చేసినంతవరకు ఒకరికొకరు చూపుకొనవలెను. తప్పున్నచో చెప్పవలెను; చెప్పినవారిపై కోపగింపరాదు. పెద్దాయనకు చేతులు వణకును గనుక ఆయన కట్టరు. కుర్చీలో కూర్చుండి చూతురు.

ఇట్టి వేడుక ప్రపంచమునకు క్రొత్త కాదు. 1936లోనే ఇంగ్లండులో ఫ్రాగ్ పెంగ్విన్ అను పేర విమానముల విడిభాగములను పెట్టెలలో నుంచి యమ్మిరి. 1963లో అచ్చటనే నమూనాకారుల అంతర్జాతీయ సంఘము పుట్టినది. నేడు అనేక దేశములవారు ఒక విషయమును ఎన్నుకొని, గడువు పెట్టుకొని, ఎవరింట వారు కట్టుచు, ఒకరి పని నొకరు చూచుకొనుచున్నారు. వారిలో ననేకులు యుద్ధవిమానములను కోరుకొందురు. మా మాస్టారు మాత్రము మొదటి దినముననే, “తుపాకి లేని విమానాలు కడుదాం సార్. మనుషులను మోసినవి, ఉత్తరాలు మోసినవి” అనిరి. ఆ మాట అందరికిని నచ్చినది.

మాస్టారు మూడు తోకల కాన్‌స్టెలేషన్‌ను ఎన్నుకొనిరి. 1948 జూన్ 8న బొంబాయి నుండి లండనుకు బయలుదేరిన మన తొలి విమానము ఆ జాతిదే. దాని పేరు ‘మలబార్ ప్రిన్సెస్’. 1950 నవంబరు 3న అది ఆల్ప్స్ పర్వతములలోని మాంట్ బ్లాంక్ శిఖరమునకు తాకి కూలగా, అందున్న 48 మందియు మరణించిరి. ఒక విద్యార్థి 1957లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తెచ్చుకొన్న వైకౌంట్‌ను, మరియొకడు ఫాకర్ ఫ్రెండ్‌షిప్‌ను తీసికొనిరి. 1961లో కాన్పూరున కూర్చబడి తొలిసారి ఎగిరిన ఆవ్రో 748పై ఒకనికి మనసు పోయినది. దాని పెట్టె దొరకలేదు. అతడు నిరాశపడక, నిర్మల బొమ్మలకు వాడు పొణికి కొయ్యను సంపాదించి చెక్కుట కారంభించెను. మిగిలిన విద్యార్థిని డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్న బాలిక. ఆమె డకోటాను కోరినది. నేనును డకోటానే తీసికొంటిని గాని, నాది అందులో సగము కొలతది.

కొలత యనగా నేమో చెప్పవలెను. 72వ వంతు నమూనాలో ఆరడుగుల మనిషి సరిగా ఒక అంగుళమగును. డకోటా రెక్కలు ఈ కొన నుండి ఆ కొనకు 95 అడుగులు. నమూనాలో అవి పదునారంగుళములకు రవ్వంత తక్కువ. నాది 144వ వంతు గనుక ఎనిమిదంగుళములలో ఇమిడినది. త్రైరాశికము ఎందుకని యడుగు పిల్లలకు ఇంతకంటె మంచి జవాబు నాకు తెలియదు.

పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. భాగములన్నియు ఒక ప్లాస్టిక్కు చట్రమునకు అంటి యుండును. వానిని కత్తితో కోసి, అంచులను ఎమరీ కాగితముతో రుద్ది, ముందుగా అతికింపక పెట్టి చూచుకొనవలెను. ఈ జిగురు మన బంక వంటిది కాదు. అంచులను కరిగించి రెండింటిని ఒకటిగా చేయును. ఒకసారి అతికిన పిమ్మట ఊడదీయుట యుండదు. జిగురంటిన బొటనవ్రేలితో నేను నా విమానపు రెక్కను పట్టుకొంటిని. ఆ వ్రేలిముద్ర నేటికిని అచ్చటనే యున్నది. అతుకుల సందులను మక్కుతో పూడ్చి నునుపు చేయునపుడు మాత్రము, కొండపల్లిలో జరుగునది ఇదియే కదా యని నాకు సంతోషము కలిగినది. ముందు చక్రము గల వైకౌంట్ వంటి వానికి మరియొక చిక్కు గలదు. ముక్కులో బరువుంచనిచో అవి వెనుకకు ఒరిగి తోకపై కూర్చుండును. మా వాడు చేపల గాలమునకు కట్టు సీసపు గుండ్లను వైకౌంట్ ముక్కులో దాచెను.

డకోటాకు ఆ బాధ లేదు. అది తోకక్రింది చిన్న చక్రముపై వాలియే యుండును. రైటు సోదరులు ఎగిరిన నాటికి సరిగా ముప్పదిరెండేండ్లకు, 1935 డిసెంబరు 17న, అమెరికాలో డగ్లస్ సంస్థవారి డీసీ-3 తొలిసారి ఎగిరినది. రెండవ ప్రపంచ యుద్ధమున సేనలను మోయుటకు దాని రూపాంతరములు వేలకొలది తయారైనవి. బ్రిటిషువారు వానికి పెట్టిన పేరే డకోటా. యుద్ధము ముగిసిన పిదప మిగిలిపోయిన డకోటాలను కొని, అనేక సంస్థలు మన దేశమున విమానములు నడిపినవి.

వానిలో నొకటి మనది. 1945లో హైదరాబాదున దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపింపబడినది. నిజాం స్టేట్ రైల్వేయు, టాటావారును అందు భాగస్వాములు. బేగంపేట దాని స్థావరము. జనగామ మీదుగా రైళ్లను నడపిన సంస్థయే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను మొదలుపెట్టి, ఆ పిమ్మట ఆకాశమునకును ఎక్కినదన్నమాట. మొదట వాణిజ్య విమానములు నడపిన భారతీయ మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఇతర సంస్థలు కాదన్నపుడు ఉద్యోగమిచ్చినదియు దక్కన్ ఎయిర్‌వేసే. 1953 ఆగస్టు 1న దేశములోని ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ ఏర్పడగా, దక్కన్ ఎయిర్‌వేస్ అందు లీనమైనది. 2008లో ప్రయాణికుల విమానములు శంషాబాదుకు తరలిపోవుటతో బేగంపేటయు ఆ సందడిని కోల్పోయినది.

ఈ చరిత్ర వినిన విద్యార్థిని, తన డకోటాను దక్కన్ ఎయిర్‌వేస్ విమానముగానే కట్టెద ననినది. పెట్టెలో వచ్చినవి పరదేశపు సంస్థల గుర్తులు. వానిని ప్రక్కకు పెట్టినది. విమానపు దేహము రెండు దొప్పలుగా నుండును. వానిని మూయుటకు ముందే లోపలి పని ముగింపవలెను. ఆమె అంగుళమైన లేని ఒక స్త్రీమూర్తిని మైనముతో చేసి, కుడివైపున సహచోదకుడు కూర్చుండు పీఠమున నిలిపినది.

“మూసినంక ఎవరికీ కనబడదు గదమ్మా?” అంటిని.

“ఉన్నదని నాకు ఎరుక సార్” అన్నది.

అసలు చిక్కు రంగు వేయునపుడు వచ్చినది. మాకు దొరికిన చిత్రములన్నియు నలుపు తెలుపువి. వానిలో ముదురుగా కనబడు భాగము ఎరుపో, నీలమో, ఆకుపచ్చయో చిత్రము చెప్పదు. పైగా కొన్ని పాత ఫిల్ములపై ఎరుపుకూడ నల్లగానే పడునని మాస్టారు వివరించిరి. దసరా దగ్గరపడుచున్నది. తక్కిన విమానములు మెరయుచున్నవి. నాకు తొందర కలిగినది. “ఆసఫ్‌జాహీల జెండా పసుపుపచ్చ. రైల్వే వారిది, విమానము వారిదే. కనుక పసుపు వేయుము, అందముగా నుండును, ఎవరును కాదనరు” అని సలహా ఇచ్చితిని.

ఆ బాలిక కుంచెను నీటిలో నుంచి, కొంతసేపు ఊరకుండి, “సార్, ప్రతిలో అక్షరాలు పోయిన చోట సొంత అక్షరాలు రాయొద్దని, చుక్కలు పెట్టి వదలాలని మీరే చెప్పిండ్రు గద” అన్నది.

నాకు నోట మాట రాలేదు. బమ్మెర, పాలకుర్తి గ్రామముల నడుమ బ్రతుకుచు, పోతన సోమనాథుల పేర్లు చెప్పుకొని జీతము తీసికొనువాడను నేను. తాటాకు ప్రతిలో చెదపురుగు తిన్నచోట, తన కవిత్వమును పూరించిన పరిష్కర్త పూర్వకవికి ద్రోహము చేసినవాడే యని ముప్పదియేండ్లుగా చెప్పుచున్నాను. తాళపత్రమునకు చెల్లు నీతి విమానమునకు చెల్లదా? అందముగా నుండునను ఒక్క మాటకు నేను లొంగిపోతిని. ఆ పసుపు వేసియున్నచో, నేడు దానిని చూచిన పిల్లవాడు రేపు అదియే నిజమని వ్రాయును. అబద్ధము ఎంత చిన్న కొలతలో నున్నను అబద్ధమే.

అంతవరకు మాటాడక కూర్చున్న పెద్దాయన అప్పుడు నోరు విప్పిరి. పదేండ్ల వయసున, 1950లో, రైల్వే గుమాస్తాయైన తండ్రి వెంట ఆయన బేగంపేటకు పోయి డకోటాను చూచిరట, లోపలికి ఎక్కనిచ్చిరట.

“రంగు యాదికి లేదు బిడ్డా. మెరుపు యాదికున్నది. ఎండల కండ్లు చెదిరినై. లోపలికి పోతే గుట్ట ఎక్కినట్టే ఉండె. కుర్సీలు పట్టుకొని ముందటికి పోయిన. నీ విమానం తోక మరీ పైకున్నదే, గట్ల ఉండదు.”

మేమందరము వంగి చూచితిమి. నిజమే. తోక చక్రపు కాలు పొడవై, విమానము ఇంచుమించు సమముగా నిలిచినది. ఆయన చెప్పిన గుట్ట ఆ నమూనాలో లేదు. బాలిక మరుమాట లేకుండ ఆ కాలును కోసి, పొట్టిచేసి, మరల అతికినది. దేహమునకు మెరయు అల్యూమినియపు రంగు వేసినది. చిత్రములలో ముదురుగా నున్న భాగములను ఆ చిత్రములు చూపిన బూడిదరంగుననే దిద్ది, పీఠము క్రింద నొక చీటీ అంటించినది: “ఈ భాగపు రంగునకు ఆధారము దొరకలేదు. ఎరిగినవారు చెప్పగలరు.”

ఆ సాయంకాలము పెద్దాయనను ఇంటికి దిగవిడచుచు, ఇంత కాలము ఈ సంగతి యెవరికిని చెప్పలేదా యని అడిగితిని. “ఎవరడిగిండ్రు సారూ?” అనిరి.

ఆ ప్రశ్నకు నా యొద్ద జవాబు లేదు. ఆయన ఇల్లు మా వీథిలోనే యున్నది. ఇరువదియేండ్లుగా నేను ఆయనకు నమస్కారము చేయుచు పోవుచున్నాను.

పాతవస్తువును కాపాడుటకు ధనవంతులు చేయునది వేరు. 2018లో ఒక పాత డకోటాను బాగుచేయించి, ఇంగ్లండు నుండి ఎగిరించుకొని వచ్చి మన వాయుసేన కిచ్చిరి. దానికి పరశురామ యని పేరు. 1947 అక్టోబరు 27న శ్రీనగరున సేనను దింపిన డకోటా సంఖ్యయే, వీపీ 905, దానికి వేసిరి. మనము విమానమును కొనలేము. కాని ఒక నమూనా పెట్టె, కొంత ఎమరీ కాగితము, కొన్ని ఆదివారములు ఏ పాఠశాలకైనను దొరకును. పెట్టె దొరకనిచో అట్టయు, పొణికి కొయ్యయు గలవు. విమానమే కానక్కరలేదు; మీ యూరి పాత బస్సు కావచ్చును, కూలిపోయిన గడి కావచ్చును, నీటిమోట కావచ్చును. పిల్లలను కట్టుమనుడు. కట్టుట మొదలుపెట్టిన వారికి మూడవ నాడే ప్రశ్నలు పుట్టును. చక్రమునకు ఆకు లెన్ని? తలుపు లోనికి తెరచుకొనునా, వెలికా? పుస్తకము చెప్పని ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు మన వీథి అరుగులపై కూర్చుండియే యున్నారు. వారు ఎల్లకాలము కూర్చుండరు.

దసరానాడు జమ్మి ఆకు చేతికిచ్చుకొన్న పిదప మా ఆరు విమానములను మాస్టారింటి వసారాలో బల్లపై వరుసగా నుంచితిమి. పెంబర్తి నుండి తెచ్చిన చిన్న యిత్తడి పళ్లెరముపై ఆ బాలిక డకోటా ముక్కెత్తి నిలిచినది. దాని ప్రక్కన బొటనవ్రేలి ముద్రతో నాది. పెద్దాయన వంగి, వణకు చేతితో దాని తోకను తాకి చూచి, “ఇప్పుడు సరిగున్నది” అనిరి.