వర్గీకరణ (పూర్వ ప్రాథమిక విద్య)

వస్తువులను వాటి పోలికలను, భేదాలను బట్టి గుంపులుగా విడదీయడాన్ని వర్గీకరణ అంటారు. మూడు నుండి ఆరు సంవత్సరాల పిల్లలకు నేర్పే గణిత పూర్వ నైపుణ్యాలలో ఇది ముఖ్యమైనది. బుట్టలో నిమ్మకాయలు ఎన్ని ఉన్నాయో చెప్పాలంటే, ముందుగా నిమ్మకాయలను ఇతర కాయల నుండి వేరుగా గుర్తించాలి. కనుక లెక్కించడానికి వర్గీకరణను తొలి మెట్టుగా చెప్పవచ్చును. తెలుగు హల్లులను పలికే స్థానాన్ని బట్టి క-వర్గం, చ-వర్గం అని అమర్చడం కూడా ఒక వర్గీకరణే.

చరిత్ర

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో తన మొదటి శిశు పాఠశాలను ప్రారంభించింది. ఆమె రూపొందించిన విద్యా సామగ్రిలో రంగు పలకలు ఉన్నాయి. పిల్లలు మొదట ఎరుపు, పసుపు, నీలం పలకలను జత చేస్తారు. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

జీన్ పియాజే, బార్బెల్ ఇన్‌హెల్డర్ పిల్లల వర్గీకరణ శక్తిపై చేసిన పరిశీలనలు 1959లో ఫ్రెంచి భాషలో గ్రంథంగా వెలువడ్డాయి. చిన్న పిల్లలు వస్తువులను ఇచ్చినప్పుడు వాటిని ఇల్లు, రైలు వంటి ఆకారంగా పేర్చడం, తరువాత పోలికలను బట్టి గుంపులు చేయడం, ఏడెనిమిదేళ్ళ వయసుకు పెద్ద వర్గంలో చిన్న వర్గం ఇమిడి ఉంటుందని గ్రహించడం వారు వివరించారు. ఆరు మల్లెలు, రెండు గులాబీలు చూపి "మల్లెలు ఎక్కువా, పూలు ఎక్కువా?" అని అడిగితే ఐదేళ్ళ పిల్లలు సాధారణంగా "మల్లెలే" అంటారు. మల్లెలు కూడా పూలలో భాగమేనని ఒకేసారి ఆలోచించడం ఆ వయసులో కష్టం.

నేర్పవలసిన క్రమం

1. జతపరచడం: ఒక వస్తువును చూపి అటువంటిదే మరొకటి తెమ్మనడం.
2. ఒక లక్షణాన్ని బట్టి వేరుచేయడం: సీసా మూతలను రంగును బట్టి, ఆకులను పరిమాణాన్ని బట్టి విడదీయడం.
3. అవే వస్తువులను మరొక లక్షణంతో తిరిగి వేరుచేయడం.
4. రెండు లక్షణాలను కలిపి చూడడం: పెద్దవైన ఎర్ర గుండీలను ఏరడం.
5. పిల్లలే లక్షణాన్ని ఎంచుకొని, ఆ గుంపుకు పేరు పెట్టడం.

అంగన్‌వాడీ కేంద్రంలో వేర్వేరు వయసుల పిల్లలు కలిసి కూర్చుంటారు. ఒకే గుండీల రాశితో మూడేళ్ళవారు జతలు కట్టవచ్చు, నాలుగేళ్ళవారు రంగులు వేరుచేయవచ్చు, ఐదేళ్ళవారు తమ సొంత నియమంతో గుంపులు చేయవచ్చు. ఇంట్లో కూరగాయలు సర్దడం, ఉతికిన బట్టలు ఎవరివి వారికి వేరుచేయడం కూడా మంచి అభ్యాసాలే.

పిల్లలు చెప్పే కారణం

వర్గీకరణ నేర్పేటప్పుడు గుంపు కన్నా దానికి పిల్లవాడు చెప్పే కారణం ముఖ్యం. ఆవు, గేదె, గడ్డి బొమ్మలిచ్చి రెండింటిని కలపమంటే కొందరు ఆవును గడ్డి పక్కన పెడతారు. "ఆవు గడ్డి తింటుంది కదా" అన్నది వారి సమాధానం. ఇది తప్పు కాదు, మరొక విధమైన సంబంధం. "తప్పు" అని తీసివేస్తే, పిల్లవాడు తన ఆలోచనను మాని ఉపాధ్యాయుని ముఖం చూసి జవాబు వెదకడం నేర్చుకుంటాడు. "ఎందుకు కలిపావు?" అని అడిగి, విన్న తరువాత "ఇంకొక విధంగా కలపగలవా?" అనడం సరైన పద్ధతి.

నియమం మార్చడం కూడా చిన్న పిల్లలకు సులభం కాదు. ఫిలిప్ డేవిడ్ జెలాజో తదితరులు చేసిన కార్డుల పరీక్షలలో, మొదట రంగును బట్టి వేరుచేసిన మూడేళ్ళ పిల్లలు, ఆకారాన్ని బట్టి చేయమన్నా సాధారణంగా రంగునే అనుసరించారు. కొత్త నియమం ఏమిటని అడిగితే మాత్రం సరిగానే చెప్పగలిగారు. ఐదేళ్ళ వారిలో ఎక్కువమంది నియమం మార్చుకోగలిగారు. కావున దీనిని మొండితనంగా గాని, మందబుద్ధిగా గాని భావించరాదు.

జాగ్రత్తలు

* మూడేళ్ళ లోపు పిల్లలకు గింజలు, పూసలు ఇవ్వరాదు. అవి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఆ పైవారికి కూడా పెద్దల ఎదుటనే ఇవ్వాలి.
* గురివింద గింజలు చూడ ముచ్చటగా ఉన్నా విషపూరితమైనవి. ఆముదపు గింజలు కూడా అంతే. వీటిని ఏ వయసు పిల్లలకూ ఇవ్వరాదు.
* ఆకారాలను సరిగా వేరుచేసే పిల్లవాడు ఎరుపు, ఆకుపచ్చలను పదేపదే కలిపివేస్తుంటే అది పుట్టుకతో వచ్చిన వర్ణాంధత్వం కావచ్చు. ఇది మగపిల్లలలో ఎక్కువ. దండించక కంటి వైద్యునికి చూపించాలి.